పాత కంప్యూటర్‌కి పెద్ద డిస్క్: లెక్క ఎక్కడ తెగుతుంది?

చిన్న ఊళ్లలోని డీటీపీ సెంటర్లలో ఓ మూల విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. యజమానికి కొత్తది కొనే స్తోమత లేక కాదు. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో ఏళ్ల తరబడి చేసిన శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాల ఫైళ్లు అందులోనే చెక్కుచెదరకుండా తెరుచుకుంటాయి. కొత్త విండోస్‌లో తెరిస్తే ఒత్తులు ఎగిరిపోతాయన్న భయం. అందుకే ఆ మిషన్‌ని అపురూపంగా చూసుకుంటారు.

చిక్కల్లా అందులోని 40 జీబీ, 80 జీబీ డిస్క్ టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టినప్పుడే. ఆ సైజులో కొత్త డిస్క్ బజార్లో దొరకదు. దొరికేవి ఒకటి, రెండు, నాలుగు టీబీలవి. తెచ్చి బిగిస్తే మూడింట్లో ఏదో ఒకటి జరగొచ్చు. కంప్యూటర్ డిస్క్‌ని గుర్తించకుండా మొదటి స్క్రీన్ దగ్గరే బిగుసుకుపోవచ్చు. గుర్తించినా అందులో కొంత భాగమే చూపించవచ్చు. లేదంటే మొత్తం చూపించి, చక్కగా పనిచేసి, సగం నిండాక ఒకరోజు ఉన్నదంతా పాడుచేయవచ్చు. మొదటి రెండూ విసిగిస్తాయంతే. మూడోది నిండా ముంచుతుంది. ఈ అధ్యాయం ముఖ్యంగా ఆ మూడోదాని బారిన పడకుండా ఉండటం కోసం.

డిస్క్ కొనకముందే, ఫార్మాట్ బటన్ నొక్కకముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ మిషన్‌లో లెక్క ఎవరి దగ్గర తెగుతోంది?

పాత డిస్కుల్లో స్థలమంతా 512 బైట్ల సెక్టర్లుగా విడగొట్టి ఉంటుంది. ఒక్కో సెక్టర్‌కి ఒక నంబరు. ఆ నంబరు నలుగురి చేతులు మారుతుంది. డిస్క్‌కీ మదర్‌బోర్డ్‌కీ మధ్య నడిచే ఏటీఏ పద్ధతి ఒకటి, మదర్‌బోర్డ్‌లో ఉండే బయాస్ రెండోది, డిస్క్ మొదట్లో రాసి ఉండే పార్టిషన్ పట్టిక మూడోది, విండోస్ డ్రైవర్, దాని ఫైల్ సిస్టమ్ కలిపి నాలుగోది. నంబరు రాసుకోవడానికి ఎవరు ఎన్ని బిట్లు కేటాయించుకున్నారో అంతవరకే వాళ్ల చూపు. నలుగురిలో ఎవరి చూపు తక్కువో మీ డిస్క్ సైజు అక్కడితో ఆగిపోతుంది. మిగతా ముగ్గురు ఎంత దూరం చూడగలిగినా ప్రయోజనం లేదు.

డిస్క్ సైజుకి అడ్డొచ్చిన మొదటి గోడే దీనికి మంచి ఉదాహరణ. బయాస్‌వాళ్లు సిలిండర్లకు 10 బిట్లు, హెడ్లకు 8, సెక్టర్లకు 6 ఇచ్చారు. ఏటీఏవాళ్లు సిలిండర్లకు ధారాళంగా 16 ఇచ్చి, హెడ్లకు 4తో సరిపెట్టారు. ఒకరు ఉదారంగా ఇచ్చిన చోట ఇంకొకరు పిసినారితనం చూపించారు. రెండూ కలిసి పనిచేయాలి కాబట్టి ప్రతిచోటా చిన్న అంకే చెల్లింది. 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టర్లు. గుణిస్తే 52 కోట్ల 84 లక్షల బైట్లు, అంటే 528 ఎంబీ. విడివిడిగా చూస్తే రెండు పద్ధతులూ అంతకన్నా ఎన్నో రెట్లు పెద్ద డిస్కుల్ని నడపగలిగినవే. ఆ తర్వాత బయాస్ తన బిట్లన్నీ పూర్తిగా వాడుకోగలిగాక 8.4 జీబీ వచ్చింది. 1999కి ముందటి కొన్ని అవార్డ్ బయాస్‌లు 33.8 జీబీ దాటిన డిస్క్ కనిపిస్తే కదలకుండా నిలబడిపోయేవి. అప్పట్లో డిస్క్ కంపెనీలు వెనకవైపు ఒక జంపర్ పెట్టి, అది మారిస్తే డిస్క్ తనను తాను 32 జీబీగా చెప్పుకునే ఏర్పాటు చేశాయి. ఆ కాలం నాటి మిషన్లు ఇప్పుడు వాడుకలో బాగా తక్కువ. మనకు ఎదురయ్యేవి దాదాపు రెండే గోడలు: 137 జీబీ, 2.2 టీబీ.

ముందు మీ డిస్క్ చూపిస్తున్న అంకెను కాగితం మీద రాసుకోండి. చాలాసార్లు అంకె చూడగానే కారణం తెలిసిపోతుంది. ఒక టీబీ డిస్క్ విండోస్‌లో 931 జీబీ అని కనిపిస్తే కంగారు పడొద్దు. కంపెనీ వెయ్యితో గుణించి చెప్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది. పోయిందేమీ లేదు. పెద్ద డిస్క్ 127, 128 జీబీ దగ్గర ఆగితే అది 137 గోడే. ఇక్కడా అదే వెయ్యి, 1024ల తేడా. 3 టీబీ డిస్క్‌లో 2048 జీబీ వాడుకోనిచ్చి, మిగతా 746 జీబీ నల్ల గీత కింద ‘అన్‌అలకేటెడ్’గా ఉండి ఏం చేసినా కదలకపోతే పార్టిషన్ పట్టిక పాతది. అదే డిస్క్ మొత్తం కలిపి 746 జీబీ మాత్రమే అని చూపిస్తే తప్పు పట్టికది కాదు, స్టోరేజ్ డ్రైవర్‌ది. 32 బిట్లు దాటిన భాగాన్ని కోసేసి మిగిలింది చెప్తోంది. కొత్త డ్రైవర్ దొరికితే వేసి చూడండి. ఇక 32 జీబీ దాటిన పెన్‌డ్రైవ్‌ని ఎక్స్‌పీ ఫ్యాట్32లో ఫార్మాట్ చేయనంటే అది ఆ ఫార్మాట్ పనిముట్టుకు పెట్టిన పరిమితి. వేరేచోట ఫార్మాట్ చేసి తెస్తే ఎక్స్‌పీ హాయిగా చదువుతుంది. ఎటొచ్చీ ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి, ఎక్స్‌పీవాళ్లు లోపలి డిస్క్‌కి ఎన్‌టీఎఫ్ఎస్ వాడటమే మేలు.

అంకెతో తేలకపోతే లైవ్ లినక్స్ సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ పెట్టి కంప్యూటర్‌ని దాంతో లేపండి. లినక్స్ ఒకసారి లేచాక డిస్క్ విషయంలో బయాస్ మాటను పట్టించుకోదు, నేరుగా డిస్క్‌నే అడుగుతుంది. అక్కడ పూర్తి సైజు కనిపిస్తే డిస్కూ కేబులూ బాగున్నట్టే, లోపం బయాస్‌దో విండోస్‌దో పట్టికదో. అక్కడా తక్కువే కనిపిస్తే డిస్క్‌ని ఎవరో జంపర్‌తోనో సాఫ్ట్‌వేర్‌తోనో కుదించి ఉంటారు. సెకండ్ హ్యాండ్ డిస్కుల్లో ఇది అరుదేమీ కాదు. ఈ పరీక్షకు పది నిమిషాలు కూడా పట్టదు. అయినా ఇది చేయకుండానే ‘సెట్టింగ్ మారిస్తే వచ్చేస్తుందన్నా’ అంటూ ఫార్మాట్ మొదలుపెట్టే కుర్రాళ్లు ప్రతి రిపేర్ షాపులోనూ ఉంటారు. వాళ్ల చేతికి డేటా ఉన్న డిస్క్ ఇవ్వకండి.

ఇక 137 గోడ సంగతి. పాత ఏటీఏలో సెక్టర్ నంబరుకు 28 బిట్లు ఉండేవి. అంటే 26 కోట్ల 84 లక్షల సెక్టర్లు. ఒక్కోటి 512 బైట్లు కాబట్టి మొత్తం 137 జీబీ. ఏటీఏ-6లో నంబరును 48 బిట్లకు పెంచారు, దాంతో ఆ చింత డిస్క్ వైపు శాశ్వతంగా తీరింది. విండోస్ మాత్రం ఆలస్యంగా అందుకుంది. మొదట విడుదలైన ఎక్స్‌పీకి 48 బిట్ల లెక్క లేదు. 2002లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1తో వచ్చింది. విండోస్ 2000కి సర్వీస్ ప్యాక్ 3 వేసి, పైగా రిజిస్ట్రీలో ‘ఎనేబుల్ బిగ్ ఎల్‌బీఏ’ అన్న విలువను 1 చేస్తే గానీ పని జరగదు. విండోస్ 98కి మైక్రోసాఫ్ట్ ఆ సదుపాయం ఇవ్వనేలేదు.

మొదట్లో చెప్పిన మూడో ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. పాత స్కూటర్ మీటర్ 99999 దాటితే మళ్లీ సున్నా దగ్గర మొదలైనట్టు, 28 బిట్ల డ్రైవర్ 137 జీబీ దాటిన నంబరులో పై భాగాన్ని వదిలేస్తుంది. మీరు 140వ జీబీ దగ్గర రాస్తున్నాననుకుంటారు. అది డిస్క్ మొదట్లో 3వ జీబీ దగ్గర రాస్తుంది. అక్కడేముంటుంది? విండోస్, ఫైళ్ల జాబితా, మీ పాత పనంతా. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. 137 జీబీ నిండేదాకా అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. విండోస్ 98 వాడేవాళ్లు పెద్ద డిస్క్ బిగించి మోసపోయేది ఈ కారణంగానే.

ఎక్స్‌పీవాళ్లకు ఇదే ప్రమాదం ఇంకో దారిలో వస్తుంది. సర్వీస్ ప్యాక్ 3 ఉన్న మిషన్‌లో 500 జీబీ డిస్క్ ఏళ్లుగా బాగానే పనిచేస్తుంటుంది. ఒకరోజు వైరస్ పట్టి విండోస్ మళ్లీ వేయాల్సి వస్తుంది. డ్రాయర్‌లో ఉన్న 2001 నాటి సీడీ తీస్తారు. ఆ సీడీకి 137 తర్వాత డిస్క్ ఉందన్న సంగతే తెలియదు. ఉన్న పార్టిషన్లను తప్పుగా అర్థం చేసుకుని, సరిచేయబోయి చెడగొట్టవచ్చు. కాబట్టి సర్వీస్ ప్యాక్ 3 కలిపిన సీడీ ఒకటి తయారుచేసి పెట్టుకోండి, పాత సీడీని ఇంట్లోంచి పంపించేయండి.

బయాస్ పాతదైతే? మదర్‌బోర్డ్ కంపెనీ కొత్త బయాస్ ఇచ్చి ఉంటే అదే తొలి మార్గం. కానీ ఫ్లాష్ చేస్తుండగా కరెంట్ పోతే బోర్డే పోతుంది. యూపీఎస్ లేనివాళ్లు ఆ జోలికి వెళ్లొద్దు. రెండో మార్గం పీసీఐ సాటా కార్డు. దాని మీద సొంత బయాస్ ఉంటుంది, అందువల్ల మదర్‌బోర్డ్ బయాస్‌తో పని లేకుండా డిస్క్‌ని నడుపుతుంది. సికింద్రాబాద్ సీటీసీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో పాత సరుకు అమ్మే కొట్లలో ఇలాంటి కార్డులు వెతకొచ్చు. ఒక జాగ్రత్త: పాత డిస్క్‌తో కంప్యూటర్ నడుస్తుండగానే ముందు కార్డు బిగించి, ఎక్స్‌పీలో డ్రైవర్ వేసి, ఆ తర్వాతే కొత్త డిస్క్‌కి క్లోన్ చేయండి. వరుస తప్పితే నీలి స్క్రీన్ వస్తుంది, తప్పు కార్డుదనుకుని పారేస్తారు.

మూడోది ఒకప్పుడు బాగా ప్రచారంలో ఉన్న మార్గం. ఆన్‌ట్రాక్ డిస్క్ మేనేజర్, ఈజీ డ్రైవ్ లాంటి సాఫ్ట్‌వేర్లు డిస్క్ మొదటి సెక్టర్‌లో కూర్చుని, విండోస్ కన్నా ముందు లేచి బయాస్ లోపాన్ని కప్పిపుచ్చేవి. నేనైతే వద్దంటాను. ఆ డిస్క్‌ని తీసి ఇంకో కంప్యూటర్‌కి పెడితే ఖాళీగా కనిపించవచ్చు. బూట్ సెక్టర్‌ని శుభ్రం చేసే ఏ పనిముట్టు తగిలినా ఆ సాఫ్ట్‌వేర్ ఎగిరిపోతుంది, దాంతో పాటు డేటాకి దారీ మూసుకుపోతుంది. మిషన్ ఆగిపోయిన రోజున డిస్క్ తీసి వేరేచోట చదవగలగాలి. ఆ వెసులుబాటు పోగొట్టే ఏ చిట్కా అయినా చివరికి ఖరీదే.

అసలు గోడ ఎక్కాల్సిన అవసరం ఉందా అని ఒకసారి ఆలోచించండి. బజార్లో దొరికే 120, 128 జీబీ ఎస్ఎస్‌డీలు 137 లోపే ఉంటాయి. 128 జీబీ ఎస్ఎస్‌డీ అంటే దాదాపు 12,800 కోట్ల బైట్లు, గోడ 13,743 కోట్ల దగ్గర ఉంది. ఐడీఈ కేబుల్ మాత్రమే ఉన్న బోర్డుకు ఐడీఈ-సాటా కన్వర్టర్ పెట్టి ఇలాంటి ఎస్ఎస్‌డీ బిగిస్తే 137 గోడ ఊసే రాదు. మిషన్ వేగమూ పెరుగుతుంది. ఇక్కడ ఎక్స్‌పీ వల్ల వచ్చే చిక్కులు రెండు. అది పార్టిషన్‌ని 63వ సెక్టర్ నుంచి మొదలుపెడుతుంది, ఎస్ఎస్‌డీకి ఆ హద్దు కుదరదు. అందుకని పార్టిషన్‌ని ముందే విండోస్ 7 మిషన్‌లోనో, లైవ్ లినక్స్‌లోని జీపార్టెడ్‌తోనో 2048వ సెక్టర్ నుంచి చేసి పెట్టండి. ఫైలు తీసేశాక ఆ చోటు ఖాళీ అయిందని ఎస్ఎస్‌డీకి చెప్పే ట్రిమ్ ఆదేశం కూడా ఎక్స్‌పీకి తెలియదు, కాబట్టి ఎస్ఎస్‌డీలో పదో వంతు పార్టిషన్ చేయకుండా ఖాళీగా వదిలేయండి.

ఎస్ఎస్‌డీ వద్దు, చేతిలో ఉన్న 320 జీబీ డిస్కే వాడాలంటే మొదట్లో 100 జీబీ పార్టిషన్ చేసి విండోస్ అందులో వేయండి. బయాస్‌కి అందకపోయే ప్రమాదం ఉన్నవి బూట్ ఫైళ్లు. అవి ముందుభాగంలోనే ఉంటే పేచీ ఉండదు. లినక్స్ వేసేవాళ్లు కూడా బూట్ పార్టిషన్‌ని డిస్క్ మొదట్లో చిన్నగా పెట్టుకోవాలి, కారణం అదే. విండోస్ 98 మిషనైతే 137కి లోపు పార్టిషన్లు చేసి మిగతాది అలాగే వదిలేయండి. డబ్బు పెట్టి కొన్న స్థలం వృథా అనిపిస్తుంది నిజమే. డేటా పోయాక రికవరీ వాళ్లు అడిగే రేటు ఒకసారి కనుక్కుంటే ఆ బాధ తగ్గుతుంది.

2.2 టీబీ గోడ పార్టిషన్ పట్టికది. ఎంబీఆర్ అనే ఈ పాత పట్టిక పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో, ఎంత పొడవుందో రెండిటినీ 32 బిట్లలోనే రాస్తుంది. 429 కోట్ల సెక్టర్లతో ఆ లెక్క అయిపోతుంది. దీని విరుగుడు జీపీటీ పట్టిక, అందులో నంబరుకు 64 బిట్లు. అయితే జీపీటీని 32 బిట్ ఎక్స్‌పీ చదవలేదు. విస్టా నుంచి పైవన్నీ డేటా డిస్క్‌గా చదువుతాయి. విండోస్‌ని జీపీటీ డిస్క్ నుంచే లేపాలంటే మదర్‌బోర్డ్‌లో పాత బయాస్‌కి బదులుగా వచ్చిన యూఈఎఫ్ఐ ఉండాలి. లినక్స్‌కి ఆ పట్టింపు లేదు. జీపీటీ డిస్క్‌లో ఒక ఎంబీ ‘బయాస్ బూట్’ పార్టిషన్ ఇస్తే లినక్స్ బూట్ లోడర్ గ్రబ్ పాత బయాస్‌తోనూ లేస్తుంది.

దీన్నిబట్టి విండోస్ 7 ఉన్న పాత మిషన్‌కి నా సలహా: విండోస్‌కి ఎంబీఆర్ పట్టికతో చిన్న ఎస్ఎస్‌డీ, పక్కన జీపీటీ చేసిన 4 టీబీ డేటా డిస్క్. పాత బయాస్‌కి క్లోవర్ లాంటి బూట్ లోడర్లతో యూఈఎఫ్ఐ వేషం వేయించేవాళ్లున్నారు. సరదా ఉన్నవాళ్లకు బాగుంటుంది, రోజూ పని జరగాల్సిన షాపులో వద్దు. ఉన్న డిస్క్‌ని డేటా పోకుండా జీపీటీకి మార్చే జీడిస్క్ లాంటి పనిముట్లూ ఉన్నాయి. వాటిని వాడినా ముందు బ్యాకప్ తీయాల్సిందే. విండోస్‌లోని డిస్క్‌పార్ట్‌తో మార్చాలంటే డిస్క్‌ని ముందుగా పూర్తిగా తుడిచేయాలి.

ఎక్స్‌పీకి 2 టీబీ మించి కావాలంటే? కొన్ని యూఎస్‌బీ పెట్టెలు డిస్క్‌ని 512 బైట్ల సెక్టర్లకు బదులు 4096 బైట్లవిగా చూపిస్తాయి. సెక్టర్ ఎనిమిదింతలు కావడంతో అదే 32 బిట్ల లెక్క 2కు బదులు 16 టీబీ దాకా సాగుతుంది, ఎక్స్‌పీ కూడా ఒప్పుకుంటుంది. చక్కని ఉపాయమే గానీ పెట్టె పాడై, డిస్క్‌ని బయటికి తీసి నేరుగా సాటా కేబుల్‌కి తగిలిస్తే పార్టిషన్ కనపడదు. మళ్లీ అలాంటి పెట్టే కావాలి. ఆ మోడల్ అప్పటికి దొరకకపోవచ్చు.

అంతకన్నా నమ్మకమైనది డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి బిగించి నెట్‌వర్క్ మీద వాడుకోవడం. నెట్‌వర్క్‌లో ఎక్స్‌పీ అడిగేది ఫైలును, సెక్టర్ నంబరును కాదు. కాబట్టి అవతలి డిస్క్ ఎంత పెద్దదైనా దానికి సంబంధం లేదు. అడ్డొచ్చేది ఎస్ఎంబీ1. ఎక్స్‌పీకి తెలిసిన ఫైల్ షేరింగ్ పద్ధతి అదొక్కటే, కొత్త విండోస్‌లలో అది మామూలుగా వేసి ఉండదు. 2017లో వానాక్రై అనే వైరస్ పాకింది ఎస్ఎంబీ1లోని లోపం ద్వారానే కనుక దాన్ని తిరిగి తెరవమని నేను చెప్పను. కొత్త మిషన్‌లో ఎఫ్‌టీపీ సర్వర్ పెట్టి, ఎక్స్‌పీ నుంచి దానికి ఫైళ్లు పంపించుకోండి. షాపులోని నెట్‌వర్క్‌కే దాన్ని పరిమితం చేయండి, ఎక్స్‌పీకి ఇంటర్నెట్ ఇవ్వకండి. ఎక్స్‌పీకి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయాయి.

ఏ మార్గం ఎంచుకున్నా అసలు ఫైళ్లు ఎక్కించే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. ఖాళీ పార్టిషన్ మీద హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత పనిముట్టును నడపండి. అది స్థలమంతా తనకు తెలిసిన సమాచారంతో నింపి, మళ్లీ మొదటి నుంచి చదివి సరిచూస్తుంది. లెక్క ఎక్కడైనా తెగి మొదటికి వస్తుంటే ఇక్కడ దొరికిపోతుంది. సగంలో ఆపితే ఈ పరీక్షకు అర్థం లేదు, గోడకి అవతల రాసినప్పుడే కదా నష్టం తెలిసేది. డిస్క్‌లో ఒకటికన్నా ఎక్కువ పార్టిషన్లుంటే అన్నిటినీ నింపి, ఆ తర్వాత మొదటి పార్టిషన్‌ని ఇంకోసారి సరిచూడండి. పాత మిషన్‌లో పెద్ద డిస్క్‌కి గంటలు పడుతుంది. సాయంత్రం షాపు కట్టేసేటప్పుడు మొదలుపెట్టి వెళ్లండి.

పరీక్ష నెగ్గాక ఫైళ్లు ఎక్కించండి. ఎక్కాయని సంతోషపడకుండా పేజ్‌మేకర్‌లో ఓ పది పాత ఫైళ్లు తెరిచి, ఒక పేజీ ప్రింట్ తీసి చూడండి. టకటకమంటున్న ఆ పాత 80 జీబీ డిస్క్‌ని తీసి, తేదీ రాసి, కవర్లో పెట్టి బీరువాలో ఉంచండి. కనీసం ఆరు నెలలు దాన్ని ఎవరికీ ఇవ్వకండి, ఫార్మాట్ చేయకండి.